సవరను కాసుపై బొమ్మలు

కృష్ణా మండలమున బంగారమును కాసులతో లెక్కించుట మనకు అలవాటు. కాసనగా ఎనిమిది గ్రాములు. ఈ తూకము మన తాతల త్రాసునుండి వచ్చినది కాదు, ఇంగ్లండువారి సవరను నాణెమునుండి వచ్చినది. దాని బరువు 7.988 గ్రాములు. అందు పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు మేలిమి. 1899లో ప్రభుత్వమువారు దానిని 15 రూపాయలకు చెల్లునట్లు శాసించిరి. మనవారు మాత్రము దానిని సంతలో మార్చుటకంటె కొండి పోయించి మెడలో వేయుటకే ముచ్చటపడిరి.

బందరున ఆంగ్లేయులు వర్తకశాల పెట్టినది 1611లో. అప్పటి మన బంగారు నాణెము వరహా. పేరులోనే వరాహమున్నది. వేంగి చాళుక్యుల లాంఛనమదియే. శక్తివర్మ, రాజరాజనరేంద్రుల బంగారు నాణెములపై అది కానవచ్చును. భూదేవిని కోఱపై నెత్తిన మూర్తి గనుక దాని యర్థము ఎవరికిని చెప్పనక్కఱలేదు. 1818లో చెన్నపట్టణపు ప్రభుత్వము రూపాయిని ప్రధాన నాణెము చేయగా వరహా వెనుకబడెను.

సవరనుపై బొమ్మ మనకట్లు తెలిసినది కాదు. 1817లో దానిని తీర్చినవాడు బెనెడెట్టో పిస్ట్రుచ్చి యను ఇటలీ శిల్పి. అశ్వారూఢుడైన పరిశుద్ధ జార్జి ఘటసర్పమును చంపుచుండును. ఆయన ఇంగ్లండునకు రక్షకుడని వారి నమ్మకము. యోధుడే యైనను ఒంటిపై కవచము లేదు! శిరస్త్రాణము, వెనుకకు ఎగురు ఉత్తరీయము మాత్రమే. అది ప్రాచీన గ్రీకు శిల్పపు పోలిక. విరిగిన ఈటె నేలబడియుండగా ఖడ్గమెత్తినట్లు తరువాతి ముద్రలలో చూపిరి.

విక్టోరియా రాణి కాసులు 1838లో మొదలైనవి. ముఖమును చెక్కినవాడు విలియం వయన్. 1887 వఱకు ఆ పడుచు ముఖమే సాగెను. పెండ్లినాడు ఆ కాసు ధరించిన మన ఆడపడుచు అమ్మమ్మయైనను కాసుపై రాణికి ఏండ్లు మీఱలేదు. వెనుక డాలుపై నాలుగు గడులు: రెండింట మూడేసి సింహములు ఇంగ్లండువి, ఒంటి సింహము స్కాట్లండుది, వీణ అయర్లండుది. హిందూదేశమునకు గడి లేదు. 1871లో జార్జి బొమ్మ మరల వచ్చెను. 1877 జనవరి 1న ఢిల్లీలో ఆమెను హిందూదేశ చక్రవర్తినిగా చాటిరి గాని, సవరనుపై ఆ బిరుదు 1893లో, మేలిముసుగు ముఖముతో గాని ఎక్కలేదు. మన ధనముపై ప్రీతి బిరుదుకంటె ముందే యుండెనని నా తలంపు.

నేటి కాసులపేరున జార్జి స్థానమందు లక్ష్మీదేవి కూర్చున్నది. చిలకలపూడి పూతనగలలోను ఆమెయే. అసలు సవరనులు మాత్రము తూకమునకే విలువ కట్టబడి మూసలోనికి పోవుచున్నవి. ఇంటిలో నొకటి మిగిలియున్నచో, కరగించుటకు ముందు భూతద్దముతో గుఱ్ఱపు డెక్కల క్రింది నేలగీతను చూడుడు. అచ్చట ‘ఐ’ యను ఇంగ్లీషు అక్షరము, దిగువన 1918 సంవత్సరము కనబడినచో అది బొంబాయి టంకశాలలో ముద్రింపబడినది. సవరనులు అచ్చట ఆ యొక్క యేడే ముద్రింపబడినవి.