మూడో వైరు

శనివారం పొద్దున పదిన్నర. మాదాపూర్‌లో ఒక కంపెనీ కెఫెటేరియాలో కుర్చీలు వరసగా వేసి మీటప్ పెట్టారు. మీరు ముందు వరసలో ఉన్నారు. ఎదురుగా బల్ల మీద అరచేతిలో ఇమిడే అయిదు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు, మధ్యలో ఒక నెట్‌వర్క్ స్విచ్, దాన్నుంచి ఒక్కో బోర్డుకీ ఒక్కో నీలం వైరు. అయిదింటిలోనూ ఎట్‌సీడీ నడుస్తోంది. కంటెయినర్లను నడిపించే కుబర్నెటీస్ తన క్లస్టర్ వివరాలన్నీ దాచుకునే డేటాబేసు అదే.

ల్యాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాము ఒకటి వాటిచేత వరసగా అంకెలు రాయిస్తోంది. 211, 212, 213... తెర మీద అయిదు గళ్ళు. మూడోది ఆకుపచ్చగా ఉంది. అదే లీడరు.

"ఎవరైనా వచ్చి మీకిష్టమైన వైరు పీకండి," అంటుంది డెమో ఇస్తున్న ఇంజనీరు. ఏది పీకాలో చెప్పదు. ఆ పద్ధతే సరైనది. ఏది చెడిపోవాలో చూపించేవాళ్ళే ఎంచుకుంటే అది రిహార్సలే అవుతుంది.

మీరు లేచి నేరుగా లీడరు వైరే పట్టుకుంటారు. క్లిప్పు నొక్కి లాగగానే టిక్కుమని ఊడొస్తుంది. స్విచ్ మీద దాని దీపం ఆరిపోతుంది. అంకె 240 దగ్గర ఆగింది.

లీడరు నుంచి మామూలుగా 100 మిల్లీసెకన్లకోసారి 'ఉన్నాను' అనే హార్ట్‌బీట్ రావాలి. సెకను దాటినా రాకపోతే మిగతావి ఎన్నికకు సిద్ధమవుతాయి. ఎంతసేపు ఆగాలన్నది ఒక్కోదానికీ ఒక్కోలా ఉంటుంది. లేకపోతే నాలుగూ ఒకేసారి నిలబడి ఓట్లు చీలిపోతాయి. ముందు గడువు తీరినది ఓట్లడుగుతుంది. తన ఓటుతో కలిపి మూడొస్తే గెలిచినట్టే. అయిదో గడి ఆకుపచ్చగా మారింది. 241. 242.

మీరు వైరు పీకిన బోర్డు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. దానికేమీ కాలేదు, దాని మాట మిగతావాటికి అందడం లేదంతే. పలు యంత్రాలు కలిసి పనిచేసే ఈ రంగంలో కష్టమంతా ఇక్కడే: అవతలి యంత్రం చచ్చిందో, దారి తెగిందో ఇవతల్నుంచి తేల్చలేం. అది ఇంకా తానే లీడరుననుకుని ఏదైనా రాసుకున్నా, సగానికి మించి ఒప్పుకోనిదే ఆ రాత చెల్లదు. ఇవన్నీ స్టాన్‌ఫర్డ్‌లో డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించి 2014లో ప్రచురించిన రాఫ్ట్ నియమాలు. అంతకుముందే ఇదే పనికి లెస్లీ లాంపోర్ట్ పాక్సోస్ ఉంది కానీ, అది ఓ పట్టాన కొరుకుడు పడదు. తేలిగ్గా అర్థం కావాలనే పట్టుదలతోనే రాఫ్ట్ పుట్టింది.

వెనక వరస కుర్రాడొకడు వచ్చి లీడరు కాని ఒక బోర్డు, అంటే ఫాలోవరు, వైరు లాగాడు. అంకెలు తొణకలేదు.

"ఇంకోటి లాగనా మేడమ్?"

"లాగు."

318 దగ్గర ఆగింది. రెండు సెకన్లు, అయిదు, పది. తెర మీద ఎర్రగా టైమ్ అవుట్.

"అయిపోయింది, పడిపోయింది," అన్నారెవరో.

"పడలేదు. ఒప్పుకోవట్లేదు," అంది ఆమె.

మిగిలిన రెండు బోర్డులూ నిక్షేపంగా ఉన్నాయి. డిస్కులో చోటుంది. కానీ కనిపించని ఆ మూడూ వేరే దారిలో కలిసే ఉన్నాయేమో వీటికి తెలీదు. అలా ఉంటే మెజారిటీ వాటిదే. రెండు వైపులా రాతలు సాగితే ఒకే బెర్తు ఇద్దరికి అమ్మినట్టవుతుంది. అందుకే రాయవు. పాతబడిన జవాబు చెప్పాల్సి వస్తుందని, మామూలుగా చదవమని అడిగినా పలకవు. డెమో మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనవి ఈ పది సెకన్లే. నడుస్తూ ఉండడం ఎవరైనా చూపిస్తారు. తెలియనప్పుడు ఆగడాన్ని నలుగురి ముందు చూపించడానికి గుండె ధైర్యం కావాలి, ఎందుకంటే చూసేవాళ్ళకి అది ఓటమిలాగే కనిపిస్తుంది.

కుర్రాడు తను లాగిన వైరు ఒకటి మళ్ళీ గుచ్చాడు. మూడయ్యాయి. అంకెలు కదిలాయి. మీరూ మీ వైరు గుచ్చుతారు. పాత లీడరు తనకంటే పెద్ద టర్మ్ నంబరు, అంటే తర్వాతి ఎన్నిక నంబరు, చూసి మారుమాట లేకుండా ఫాలోవరైపోయింది, తప్పిపోయిన అంకెలన్నీ తెచ్చుకుంది. రాసినట్టు జవాబొచ్చిన అంకెల జాబితానూ క్లస్టర్‌లో ఉన్నదాన్నీ ఆమె పక్కపక్కన పెట్టి చూపించింది. ఒక్కటీ పోలేదు.

"ఒక నోడ్ అబద్ధం చెప్తేనో, మేడమ్?" అనడిగింది చివరి కుర్చీలో అమ్మాయి.

"దానికి రాఫ్ట్ పనికిరాదమ్మా." ఆమె మార్కరు తీసుకుంది. 1980లో పీస్, షోస్టాక్, లాంపోర్ట్ తేల్చిన లెక్క బోర్డు మీద రాసింది: ఒక్క అబద్ధాలకోరును తట్టుకోవాలంటే నాలుగు, ఇద్దరినైతే ఏడు.

"మరి మన అయిదుతో?"

"ఒక్కడినే."