టేస్ట్ ఆఫ్ షికాగో

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లినాయ్ రాష్ట్రమునకు చెందిన షికాగో మహానగరమున, గ్రాంట్ పార్కు అను ఉద్యానమునందు, నగర పాలకవర్గము ఏటేట నడుపు ఆహారోత్సవమునకు ఇది పేరు. మిషిగన్ సరస్సు గట్టున, బకింగ్‌హామ్ ఫౌంటెను చుట్టుపట్ల భోజనశాలలవారు వరుసగా డేరాలు వేసి తమతమ వంటకములను చిన్నచిన్న పాళ్లలో విక్రయించుటయు, సాయంకాలములందు సంగీత కచేరీలు జరుగుటయు దీని స్థూలస్వరూపము. లోనికి పోవుటకు రుసుము లేదు. తినుబండారములకు మాత్రము చిరకాలము నగదు చెల్లక, ముందుగా టిక్కెట్ల పట్టీ కొని, వంటకమునకు ఇన్ని అని దానినుండి చింపి ఇచ్చు పద్ధతి ఉండెను.

ఈ ఉత్సవము 1980 జూలై 4న, అనగా అమెరికా స్వాతంత్ర్య దినమున, మిషిగన్ ఎవెన్యూలో బండ్ల రాకపోకలు నిలిపి ఒక్కనాటి సంతగా ఆరంభమైనదను విషయమున భేదాభిప్రాయము లేదు. ఆర్నీ మార్టన్ అను భోజనశాలాధిపతి తోడి వ్యాపారులను కూడగట్టుకొని, అప్పటి మేయరు జేన్ బర్న్‌ను ఒప్పించి దీనిని నడిపించెనని సాధారణముగా చెప్పుదురు. అయినను 1978 నుండి నేవీ పియర్ అను రేవుకట్ట మీద షికాగోఫెస్ట్ పేర సంగీతోత్సవ మొకటి అప్పటికే జరుగుచుండినందున, నగరమే పూనుకొని వేసవిలో జనమును ఒకచోట చేర్చు అలవాటు మార్టన్‌తో మొదలైనదనుట యుక్తము కాదు. మొదటి ఏట లక్షకు మించి రారని తలపోయగా సుమారు రెండున్నర లక్షలమంది వచ్చిరని ప్రసిద్ధి. ఆ మరుసటి సంవత్సరమే సంత గ్రాంట్ పార్కునకు మారి, ఒక్కనాటిది పలుదినముల ఉత్సవమాయెను. తరువాతి కాలమున ముప్పది లక్షలకు మించినట్లు ప్రకటింపబడిన జనసంఖ్యలను కొంత జాగరూకతతో గ్రహింపవలెను. ప్రవేశపు టిక్కెట్టు లేని చోట తలలు లెక్కించుట ఉజ్జాయింపే కదా.

ఉత్సవమున కనబడు వంటకములను గ్రహించుటకు నగర చరిత్రలో ఒక్క విషయము ముఖ్యము. 1865 క్రిస్మస్ నాడు తెరువబడి 1971లో మూతబడిన యూనియన్ స్టాక్ యార్డ్స్ అను పశువధశాలల సముదాయము, రైలుమార్గములు, పిమ్మట వచ్చిన శీతల పెట్టెబండ్లు కలిసి షికాగోను దేశమునకెల్ల మాంసపు బజారుగా చేసినవి. అందు పనిచేసినవారు పోలండు, లిథువేనియా, జర్మనీ, ఐర్లండు, ఇటలీ దేశములనుండి వచ్చిన బీదలు. వారి బ్రదుకులను అప్టన్ సింక్లెయిర్ 1906లో 'ది జంగిల్' నవలయందు చిత్రించెను. మేలురకపు మాంసము ఇతర నగరములకు ఎగుమతి కాగా, గట్టి తునకలును తరుగును ఇక్కడి కూలివాండ్ర పాలబడెను. షికాగో స్వంతమని చెప్పుకొను వంటకములలో పెక్కింటి పుట్టుక ఆ మిగులును పదిమందికి సరిపెట్టు ఉపాయములోనే యున్నది. ఫలానా వంటవాడు ఫలానా నాడు కనిపెట్టెనను కథలు తరువాత దుకాణముల ప్రకటనలు అల్లినవని తోచును.

ఇటాలియన్ బీఫ్ దీనికి ఉత్తమోదాహరణము. గట్టి గొడ్డుమాంసపు ముద్దను వెల్లుల్లి, ఓరెగానో మున్నగు దినుసులు కలిపిన నీటితో మంద్రముగా చాలసేపు కాల్చి, చల్లారిన పిమ్మట కాగితమంత పలుచగా కోసి, ఆ ఊటలోనే మరల వెచ్చచేసి, పొడవాటి రొట్టెలో కూరుదురు. పలుచగా కోయుటచే గట్టి మాంసము పంటికి మెత్తనగుటయే కాక, కొద్దిపాటి మాంసము ఎక్కువ రొట్టెలకు వచ్చును. ఇటలీ వలసవారు ఇండ్లలోను చర్చి మందిరములలోను స్వల్పవ్యయముతో జరుపుకొనుచుండిన పెండ్లిండ్లలో ఈ ఉపాయము పుట్టెనందురు. అతిథులకు వేరుసెనగలు పంచుటచే వాటికి వేరుసెనగ పెండ్లిండ్లని పేరు వచ్చెనట. పాస్క్వాలే స్కాలా అను మాంసవ్యాపారి దీనిని ప్రచారములోనికి తెచ్చెనని ఒక పక్షము, 1938లో అల్స్ బీఫ్ దుకాణము స్థాపించిన ఫెరేరీ కుటుంబముదే ఇది యని రెండవ పక్షము. పెండ్లివంటగా ముందే వాడుకలో నున్నదానిని ఉభయులును అంగడికెక్కించిరనుట సమంజసముగా కనబడుచున్నది. కొనువాడు 'డ్రై' అన్నచో ఊట పిండి, 'వెట్' అన్నచో పైన ఊట పోసి ఇత్తురు. 'డిప్డ్' అన్నచో రొట్టెను మొత్తముగా ఊటలో ముంచి తీసి ఇత్తురు. ఊట బట్టలపై కారకుండ మోచేతులు బల్లపై ఆనించి, కాళ్లు వెనుకకు జరిపి, ముందుకు వంగి తినవలసియుండును. పైన వేయు జార్డినేరా, అనగా మిరపకాయ, కాలీఫ్లవరు, క్యారెట్టు, సెలరీ ముక్కలను నూనెలో ఊరవేసినది, మన ఊరగాయకు దూరపు చుట్టమనదగినది. కారము తినలేనివారు తీపిమిరప వేయించుకొందురు.

హాట్‌డాగ్ విషయమున చరిత్ర మరికొంత స్పష్టము. 1893లో ఇచ్చట జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఎమిల్ రైఖెల్, శామ్యూల్ లాడనీ అను ఆస్ట్రియా-హంగరీ వలసవారిరువురు గొడ్డుమాంసపు సాసేజీలు విక్రయించి, ఆ రాబడితో వియెన్నా బీఫ్ సంస్థను నెలకొల్పిరి. గసగసాలు చల్లిన మెత్తని రొట్టెను ఆవిరిపట్టి, అందు సాసేజీ నుంచి, పచ్చని ఆవపిండి, తరిగిన ఉల్లి, కన్ను చెదరు ఆకుపచ్చ రంగు గల తీపి రెలిష్, టొమాటో ముక్కలు, ఉప్పునీట ఊరిన దోసకాయ బద్ద, చిన్న పుల్లమిరపకాయలు పేర్చి, సెలరీ గింజల పొడి కలిపిన ఉప్పు చల్లుట ఇక్కడి సంప్రదాయము. మాక్స్‌వెల్ వీధి సంతలో 1929లో ఫ్లూకీస్ అను అంగడివారు ఇన్ని కూరలతో కూడిన దానిని ఐదు సెంట్లకు అమ్మి, ఆర్థికమాంద్యపు దినములలో ఒకపూట భోజనమునకు మారుగా చేసిరందురు. అయినను పలుజాతుల వలసవారు కూరగాయలమ్ముకొను ఆ సంతలో ఇంతటి కూర్పు ఒక్క చేతిమీదుగా వచ్చెనని నమ్ముట కష్టము. టొమాటో కెచప్ వేయుట మాత్రము నిషిద్ధము. చిన్నపిల్లలకు మినహాయింపు కలదు.

అన్నింటికంటె వివాదగ్రస్తమైనది లోతుపళ్లెపు పిజ్జా. టెక్సస్ వాసియైన ఐక్ సీవెల్, చిత్రకారుడును భోజనశాలాధిపతియునైన రిక్ రిక్కార్డో కలిసి 1943లో ఒహాయో వీధి, వాబాష్ ఎవెన్యూ కూడలియందు తెరచిన అంగడిలో ఇది పుట్టెనని సర్వత్ర వ్రాయుదురు. ఆ అంగడికి ఊనో అను పేరు 1955లో డ్యూ అను రెండవ శాల తెరచిన పిమ్మట స్థిరపడినది. పిండి కలిపినది ఎవరు అను ప్రశ్నకు మాత్రము సమాధానములు పెక్కు: సీవెల్ తానే యని ప్రకటనలు చెప్పగా, అచ్చట పనిచేసిన రూడీ మల్నాటిదే ఆ ఘనతయని ఆతని వంశీయులందురు. 1966లో జీనోస్ ఈస్ట్ అంగడివారు పనిలో చేర్చుకొన్న ఆలిస్ మే రెడ్మండ్ అను నల్లజాతి వంటగత్తె, ఊనోలోనే సాగని పిండిని సాగునట్లు చేసెనను కథనము ఇటీవల ఆదరణ పొందుచున్నది. పేరు పడిన యజమానులకంటె పొయ్యివద్ద నిలిచినవారి పాలు ఎక్కువగా నుండుట సహజమగుటచే, ఈ కథనమును తేలికగా త్రోసివేయరాదు. వంటతీరు విచిత్రము. నూనె పూసిన అంచెత్తు రేకు పళ్లెములో పిండిని గోడలవరకు అదిమి, అడుగున చీజు, దానిపై సాసేజీ, అన్నింటిపైన నలిపిన టొమాటో పరచుదురు. పిండి మందముగా నుండుటచే అరగంటకు పైగా కాల్చవలెను. చీజు పైన ఉన్నచో అంతసేపటికి మాడిపోవును. అయినను యాత్రికులు దీనికై వరుసలు కట్టుచుండగా, స్థానికులు నిత్యము తినునది ఇది కాదు; మద్యశాలలలో త్రాగువారికి దాహము పెంచుటకు రుమాలుపై పెట్టి ఇచ్చుచుండిన పలుచని, చతురస్రముగా కోసిన పిజ్జాయే వారి ఇష్టము.

హుంబోల్ట్ పార్కు ప్రాంతపు ప్యూర్టోరికో వలసవారి హీబరీతో అను వంటకమున రొట్టెకు మారుగా పచ్చి అరటికాయను చీల్చి వేయించి, అణచి, మరల వేయించిన బద్దలుండును. 1996లో బోరింకెన్ భోజనశాల దీనికి ప్రసిద్ధి తెచ్చెను గాని, అట్టిది అంతకుముందే ప్యూర్టోరికోలో ఉండెనను వాదము బలమైనదే. మిఠాయిలలో ఎలైస్ చీజ్‌కేక్ తొలిసారి ప్రజలముందుకు వచ్చినది 1980 నాటి ఈ ఉత్సవములోనే. 1926 నాటి రెయిన్‌బో కోన్ దుకాణమువారు చాక్లెట్టు, స్ట్రాబెరీ, పామర్ హౌస్, పిస్తా, నారింజ అను ఐదురకముల ఐస్‌క్రీమును గుండ్రని ముద్దలుగా కాక, బల్లపరుపు కత్తితో పలకలుగా కోసి ఒకదానిపై ఒకటి వాల్చి ఇత్తురు. జూలై ఎండలో మొదటి పలక ముగియులోపల చివరిది ముంజేతికి చేరును.

మిషిగన్ ఎవెన్యూ అంచున గ్రాంట్ పార్కును ఆనుకొనియున్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనముననే 1893లో వివేకానందస్వామి సర్వమత సభనుద్దేశించి ప్రసంగించెననుట తెలుగు పాఠకులకు గమనార్హము. నగరపు ఉత్తరభాగమున డెవాన్ ఎవెన్యూలో భారతీయుల అంగళ్లు పెక్కు గలవు. తెలుగువారు అధికముగా నేపర్‌విల్, అరోరా వంటి శివారు పట్టణములలో స్థిరపడినందున, అరోరాలో వెలసిన శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయపు దోసెలు, పులిహోర వారికి చేరువ. పార్కులోని సంతలో భారతీయ వంటకములు ఉత్తరాది రుచులకే పరిమితమగుట అధికము.

ఉత్సవచరిత్రలో ఒడుదుడుకులు లేకపోలేదు. 2007లో ఒక డేరాలోని వంటకమువలన సాల్మొనెల్లా సోకి వందలకొలదిమంది అస్వస్థులైరి; 2008 జూలై 3 రాత్రి బాణసంచా ముగిసిన పిమ్మట సమీపమున కాల్పులు జరిగి ఒకరు మరణించిరి. బాణసంచా ఆ తరువాత నేవీ పియర్ వైపు తరలింపబడెను. పది దినములు సాగుచుండిన ఉత్సవము 2012లో ఐదు దినములకు కుదింపబడినది. దీనికి భద్రతాకారణములు చెప్పువారున్నను, నగరమునకు ఏటేట వచ్చుచుండిన నష్టమే ముఖ్యమైనదని తోచును. కోవిడ్ వలన 2020లో పార్కులోని సంత నిలిచిపోయెను. 2023 జూలై మొదటివారమున గ్రాంట్ పార్కు చుట్టుగల వీధులలో నాస్కార్ కారుపందెము పెట్టుటచే ఉత్సవము సెప్టెంబరు 8-10 తేదీలకు జరుపబడి, 2024లో కూడ సెప్టెంబరు మొదటివారముననే మూడుదినములు జరిగినది. పాఠశాలలు తెరచిన తరువాత వచ్చు దీనిని వేసవి ఉత్సవమనుటకు కొందరు సమ్మతింపకున్నను, ఆ దేశపు పంచాంగము ప్రకారము శరత్తు సెప్టెంబరు 22 ప్రాంతమున గాని ప్రవేశింపదు.