నల్లరేగడి పట్టణాలకు నగరవనాలు

గుంటూరు: ప్రత్తి, మిరప విస్తారంగా సాగయ్యే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతాలలో వేసవి తీవ్రత అధికం. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు తరచుగా నమోదయ్యే కేంద్రాలలో పల్నాడు జిల్లా రెంటచింతల ఒకటి. ఇటువంటి చోట పట్టణవాసులకు నీడనిచ్చే వృక్షవనం త్రాగునీరు, రహదారుల వలెనే ఒక మౌలిక వసతిగా పరిగణింపదగినది.

గుంటూరు - నరసరావుపేట మార్గంలో మేడికొండూరు మండలం పేరేచర్ల వద్ద అటవీ శాఖ నగరవనం కలదు. దేశవ్యాప్తంగా నగర వనాల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 5న ప్రకటించింది. ఈ పథకం ప్రకారం నగర వనానికి 10 నుండి 50 హెక్టార్లు, నగర వాటికకు 1 నుండి 10 హెక్టార్ల భూమి అవసరం.

అయితే ఈ నేలలో స్థల సేకరణ కంటే మొక్కను బ్రతికించుటయే కష్టతరమైన పని. నల్లరేగడి వానకాలంలో ఉబ్బి నీటిని నిలువ ఉంచుతుంది. వేసవిలో లోతుగా నెర్రెలు విచ్చి లేత వేళ్లను తెంచుతుంది. అందువలన గోతిలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపటం, మొదలు చుట్టూ ఎండుటాకులు పరచటం, తొలి మూడు వేసవులు క్రమం తప్పక నీరందించటం అవసరం. నల్లతుమ్మ, వేప, చింత, కానుగ, నేరేడు, మారేడు ఈ నేలకు అలవాటుపడిన జాతులు. వీటిలో వేపను 2018లో రాష్ట్ర వృక్షంగా ప్రకటించటం జరిగింది. త్వరగా పచ్చబడుతుందన్న కారణంతో పలు నగరాలలో నాటిన కోనోకార్పస్‌ను ఇందుకు ప్రత్యామ్నాయంగా భావించరాదు. గుజరాత్ ప్రభుత్వం దీనిని నాటటాన్ని 2023లో నిషేధించింది.

విస్తీర్ణం తక్కువని వెనుకాడవలసిన పని లేదు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఆవరణలో సుమారు 3 ఎకరాలలో పట్టణాభివృద్ధి సంస్థ 2002లో నెలకొల్పిన జీవవైవిధ్య ఉద్యానంలో 2 వేలకు పైగా వృక్షజాతులను పెంచటం జరిగింది. వర్షపాతం, నేల వేరైనందున అక్కడి మొక్కలనే ఇక్కడ నాటరాదు గాని, ఆ పద్ధతి అనుసరణీయం.

ప్రతి చెట్టుకూ తెలుగు పేరు, శాస్త్రీయ నామం, నాటిన సంవత్సరం తెలిపే పలక ఉన్నప్పుడే వనం విద్యార్థులకు పాఠశాలగా ఉపయోగపడుతుంది. నాటిన సంవత్సరం వ్రాయటంలో మరొక ప్రయోజనం కూడా ఉన్నది: ఎండిన మొక్క స్థానంలో కొత్తది నాటితే ఆ విషయం పలకపైనే తెలుస్తుంది. నాటిన మొక్కల సంఖ్యతో పాటు మూడవ వేసవి తరువాత మిగిలిన చెట్ల సంఖ్యను సైతం నివేదికలలో పొందుపరచవలసి ఉన్నది.