శస్త్రము చిన్నదైన వైనము: స్తనరోగ చికిత్సా చరిత్రలో స్త్రీల ప్రశ్నలు

మన పెద్దలు క్యాన్సరు వ్యాధిని రాచపుండు అని వ్యవహరించిరి. ఆ మాటలో ఒక చరిత్ర ఇమిడియున్నది. పుండు అనగా పైకి కనబడునది, రసి కారునది, బాధించునది. స్తనమున పుట్టిన వ్యాధి ఆ దశకు వచ్చిన పిమ్మటనే ఇంటివారి దృష్టికిని, వారి మూలమున వైద్యుని దృష్టికిని వచ్చుచుండెను. అంతకుముందు నెలల తరబడి, ఒక్కొక్కచో సంవత్సరముల తరబడి, అది నొప్పి లేని చిన్న గడ్డగా ఉన్న సంగతి ఆ స్త్రీకి మాత్రమే తెలిసియుండును. ఆమె పాలు గడ్డకట్టినవని సరిపెట్టుకొనెడిది. లేదా చెప్పుకొనుటకు సిగ్గుపడి ఊరకుండెడిది. వ్యాధికి కడపటి దశను బట్టి పేరు ఏర్పడినది. కుదుర్చుటకు వీలైన తొలి దశకు మన ఇండ్లలో పేరే లేకపోయెను.

ఈ వ్యాధిని గూర్చి స్త్రీలు అడుగు ప్రశ్నలు నేటికిని నాలుగైదే. ప్రతి గడ్డయు రాచపుండేనా? కత్తి తగిలినచో వ్యాధి పాకునా? స్తనమంతయు తీసివేయవలసినదేనా? తల్లికి వచ్చినది కూతురికి వచ్చునా? ఈ ప్రశ్నలకు నేడు దొరకు సమాధానములు ఒక్కనాటివి కావు. వైద్యులు పొరబడియు, దిద్దుకొనియు, రోగుల మాట ఆలకించియు సంపాదించినవి. ఆ క్రమమును తెలిసికొన్నచో భయము కొంత తగ్గును.

ప్రాచీనుల ఎరుక

ఈజిప్టు దేశమున క్రీ. పూ. 1600 ప్రాంతమున వ్రాయబడిన ఒక వైద్యగ్రంథపు చుట్ట 1862 లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికనునకు చిక్కెను. అందలి 45 వ ప్రకరణము స్తనమున ఉబ్బిన గడ్డలను వర్ణించి, వానికి చికిత్స లేదని తేల్చినది. మన సుశ్రుతసంహిత నిదానస్థానము స్తనరోగములను ఒకచోటను, అర్బుదములను మరియొకచోటను వేర్వేరుగా నిరూపించినది. అనగా పాలిచ్చు తల్లులకు వచ్చు వాపులును, పెరిగి పాతుకొను గడ్డలును ఒకటి కావను వివేకము ప్రాచీనులకు కలదు.

క్రీ. శ. 2 వ శతాబ్దివాడగు గేలెన్ అను గ్రీకు వైద్యుడు, శరీరమున నల్లని పిత్తము పేరుకొనుట చేత క్యాన్సరు పుట్టునని చెప్పెను. ఇది ఒక చోటి వ్యాధి కాదు, ఒడలంతటి దోషమని ఆయన భావము. వేయి సంవత్సరములకు పైగా ఐరోపా ఖండము ఆ మాటనే నమ్మినది. వ్యాధి ఒక్క చోటిదా, ఒడలంతటిదా అను ఈ వివాదమే తరువాతి చరిత్రకంతకును ఇరుసు వంటిది.

మత్తు లేని కాలము

శస్త్రచికిత్స అనిన జనులకు గల భయము నిష్కారణమైనది కాదు. 1811 సెప్టెంబరు 30 న పారిస్ నగరమున ఫానీ బర్నీ అను ఆంగ్ల నవలాకారిణికి ఒక స్తనమును తొలగించిరి. శస్త్రము పట్టినవాడు నెపోలియను సేనలో ప్రసిద్ధుడగు లారే. నేటి అర్థమున మత్తుమందు అనునది అప్పుడు లేదు. ఆమె అనుభవించిన యాతనను కొన్ని నెలలకు సోదరికి జాబుగా వ్రాసినది. అట్లు బ్రతికి బయటపడి, 1840 వరకు జీవించినది.

అంతకు ఏడేండ్లు ముందే, 1804 అక్టోబరు 13 న, జపాను దేశమున హనవోకా సెయ్‌షూ అను వైద్యుడు ఉమ్మెత్త మొదలగు మూలికలతో కూర్చిన మందును త్రాగించి, 60 ఏండ్ల స్త్రీకి స్పృహ తెలియకుండ స్తనమందలి గడ్డను తొలగించెను. అప్పటి జపాను ఇతర దేశములకు తలుపులు మూసియుండుటచేత ఆ విద్య లోకమునకు అందలేదు. ఈథరు మత్తు 1846 లో బోస్టనులో వెల్లడియైనది. 1867 లో లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో గాయములు చీము పట్టకుండ కాపాడు పద్ధతిని ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆయన తన సొంత సోదరికి ఆ పద్ధతిని అనుసరించి స్తనశస్త్రచికిత్స చేసెను. నొప్పియు, చీమును అదుపులోనికి వచ్చిన పిమ్మట వైద్యుని చేతికి ధైర్యము వచ్చినది.

పెద్ద శస్త్రము

ఆ ధైర్యమునకు పరాకాష్ఠ అమెరికాలోని బాల్టిమోరు నగరపు వైద్యుడు హాల్‌స్టెడ్. వ్యాధి పుట్టిన చోటినుండి చుట్టుపట్లకు క్రమముగా ప్రాకునని ఆయన సిద్ధాంతము. కావున స్తనమును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను కలిపి ఒక్క ముద్దగా తీసివేయు పద్ధతిని ఆయన 1894 లో వివరించెను. కోసిన చోట వ్యాధి తిరిగి మొలచుట దాని వలన చాల తగ్గినమాట నిజము. ఆ కాలమున స్త్రీలు పెద్ద గడ్డలతోనే వచ్చుచుండిరి కావున ఆ పద్ధతికి కొంత సమర్థనయు కలదు. అయినను స్త్రీలు చెల్లించిన మూల్యము గొప్పది. ఛాతీ గుంటవడెను; చేయి జీవితాంతము వాచియుండెను. వ్యాధి అంతకుముందే దూరమునకు ప్రాకియున్నచో ఎంత కోసినను ప్రాణము దక్కలేదు.

లండనులో జెఫ్రీ కీన్స్ 1920 ల నాటికే రేడియమును ఉపయోగించి, కత్తిని తగ్గించి చూపెను. కాని పెద్ద శస్త్రమే సుమారు ఎనిమిది దశాబ్దములు రాజ్యమేలినది.

ప్రశ్నించిన స్త్రీలు

ఆ రోజులలో మరియొక ఆచారము కలదు. గడ్డతో వచ్చిన స్త్రీకి మత్తు ఇచ్చి, చిన్న ముక్క తీసి పరీక్షించి, వ్యాధి అని తేలినచో ఆమె మేల్కొనకముందే స్తనమును తొలగించెడివారు. మేల్కొనునప్పుడు తన శరీరము ఎట్లుండునో తెలియకయే ఆమె నిద్రపోవలసి వచ్చెడిది. 1974 లో రోజ్ కుష్నర్ అను అమెరికా పత్రికారచయిత్రి ఇందుకు ఒప్పుకొనలేదు. ముందు పరీక్ష, పిమ్మట తెలిపి చికిత్స అని పట్టుబట్టి, దేశమున వాదము లేవదీసినది. 1979 లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ సమావేశపరచిన నిపుణుల సంఘము పరీక్షయు, చికిత్సయు రెండు వేరు మెట్లుగా జరుగవలెనని తీర్మానించినది. ఆ సంఘమున ఆమెయు ఒక సభ్యురాలు.

ఇదే కాలమున బెర్నార్డ్ ఫిషర్ అను పిట్స్‌బర్గు వైద్యుడును, ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్టో వెరొనేసియు ఈ ప్రశ్నను పరిశోధనకు పెట్టిరి. మిలానులో 1973 మొదలు 1980 వరకు, రెండు సెంటీమీటర్లకు మించని గడ్డలు గల 701 మంది స్త్రీలను చీట్ల వంటి పద్ధతిని రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు పెద్ద శస్త్రము. రెండవ వర్గమునకు గడ్డయు, దాని చుట్టుప్రక్కల భాగమును, చంకలోని గ్రంథులును మాత్రము తీసి కిరణచికిత్స. ఇరువురు పరిశోధకులును 20 సంవత్సరముల ఫలితములను 2002 లో ప్రకటించిరి. చిన్న శస్త్రము పొందినవారును, పెద్ద శస్త్రము పొందినవారును సమానముగానే జీవించిరి. 1990 ల నుండి చంకలోని గ్రంథులన్నిటిని తీయుటకు బదులు, వ్యాధి మొదట చేరు ఒకటి రెండు గ్రంథులనే పరీక్షించు పద్ధతి వచ్చినది. చేతివాపు దాని వలన తగ్గినది.

మందులు, మన సుబ్బారావు

శస్త్రము చిన్నదగుటకు మందులును తోడ్పడినవి. ఒడలంతట ప్రాకియుండు సూక్ష్మకణములను కత్తి అందుకొనలేదు; మందు అందుకొనును. 1896 లో గ్లాస్గో వైద్యుడు బీట్సన్ అండాశయములను తొలగించినచో కొందరికి స్తనవ్యాధి తగ్గునని కనుగొనెను. ఆ దారిలోనే 1970 లలో టామోక్సిఫెన్ అను మాత్ర వాడుకలోనికి వచ్చినది.

ఇంకొక దారిలో ఒక తెలుగువాని పేరు నిలిచియున్నది. 1895 లో భీమవరమున జన్మించి, చెన్నపురి వైద్యకళాశాలలో చదివి, 1923 లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లముపై పనిచేయించిరి. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందులు ఆయన నాయకత్వమున తయారైనవి. వానిలో మెథోట్రెక్సేట్ ఒకటి. సుబ్బారావు 1948 లో కాలధర్మము నొందిరి. 1976 లో మిలాను వైద్యుడు బొనడొన్నా, స్తనశస్త్రచికిత్స తరువాత మూడు మందులు కలిపి ఇచ్చినచో వ్యాధి తిరిగి వచ్చుట తగ్గునని చూపినప్పుడు, ఆ మూడింటిలో నడిమి మందు మెథోట్రెక్సేటే.

మన ప్రాంతములలో

దక్షిణదేశమున మొదటి అడ్డంకి సిగ్గు. పురుషవైద్యునకు దేహము చూపుటకు స్త్రీలు ఒప్పుకొనకపోయిరి. 1875 లో చెన్నపురి వైద్యకళాశాలలో స్త్రీలు చేరిరి. వారిలో ఒకరగు మేరీ షార్లీబ్ చొరవచే 1885 లో గోషా ఆసుపత్రి వెలసెను. అదియే నేటి కస్తూర్బాగాంధి ఆసుపత్రి. వెల్లూరులో ఐడా స్కడర్ 1918 లో స్త్రీలకు వైద్యపాఠశాల తెరచిరి. సోదరిని క్యాన్సరుకు కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి 1954 లో అడయారున క్యాన్సరు సంస్థను నెలకొల్పిరి. ముంబయిలో టాటా స్మారక ఆసుపత్రి 1941 లోను, బెంగుళూరులో కిద్వాయి సంస్థ 1973 లోను, కటకమున ఆచార్య హరిహర కేంద్రము 1981 లోను ఏర్పడినవి. మనవారు తరతరములుగా నివసించు షోలాపురపు జిల్లాలో, బార్షీయందు 1987 లో దేశములోని తొలి గ్రామీణ క్యాన్సరు నమోదు ప్రారంభమైనది.

టాటా ఆసుపత్రి వారు 1998 లో ముంబయి పేదవాడలలో 35 మొదలు 64 ఏండ్ల వయసు గల 1,51,538 మంది స్త్రీలతో ఒక పరిశోధన ఆరంభించిరి. సగమునకు దగ్గరగా ఉన్నవారికి రెండేండ్లకొకసారి శిక్షణ పొందిన స్త్రీలు చేతితో స్తనపరీక్ష చేసిరి. 2021 లో ఫలితము వెలువడెను. వ్యాధి తొలి దశలోనే పట్టుబడుట హెచ్చెను. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గెను. చిన్న వయసు వారిలో అట్టి తగ్గుదల కానరాలేదు. యంత్రము లేనిచోట శిక్షణ పొందిన చేయియైనను ప్రాణము నిలుపగలదని దీని వలన తెలియుచున్నది. 2022 లో మన దేశమున సుమారు 1,92,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా సోకినదనియు, 98,000 మంది మరణించిరనియు అంతర్జాతీయ అంచనా.

ప్రశ్నలకు సమాధానములు

ఇక మొదటి ప్రశ్నలకు వత్తము. స్తనమందలి గడ్డలలో పెక్కు క్యాన్సరు కావు. కాని ఏది అవునో, ఏది కాదో పరీక్ష చేయనిదే తెలియదు. నొప్పి లేకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, నెత్తురు కారుట, చంకలో గడ్డ కనబడుట ఉపేక్షింపరాదు. పాలిచ్చు తల్లికి వచ్చిన వాపు మందుతో తగ్గనిచో దానిని కూడ పరీక్షింపవలెను. సూదితో ముక్క తీయుట వలనగాని, శస్త్రము వలనగాని వ్యాధి పాకునను భయము వలదు. ఆలస్యము వలననే పాకును. తల్లిదండ్రుల నుండి సంక్రమించు దోషము కారణమైనవి నూటికి 5 నుండి 10 మాత్రమే. కాని తల్లికి, అక్కచెల్లెండ్రకు చిన్న వయసున వచ్చినచో వైద్యునితో చెప్పవలెను. అరుదుగా పురుషులకును వచ్చును. స్తనమంతయు తీయవలసిన అవసరము నేటికిని కొందరికి కలదు. వారికి పునర్నిర్మాణ శస్త్రమును కలదు. గడ్డ చిన్నదైనచో శస్త్రమును చిన్నదే. శస్త్రము ఎంత పెద్దదిగా ఉండవలెనో నిర్ణయించుటలో రోగి వచ్చిన వేళకు వైద్యుని నేర్పుతో సమానమైన పాలు కలదు.

ప్రవాసాంధ్ర కుటుంబములకు ఇందు మరియొక చిక్కు కలదు. కోలారున, బరంపురమున, షోలాపురమున వృద్ధస్త్రీ ఇంటిలో తెలుగు మాటలాడును. ఆసుపత్రిలో భాష వేరు. యానాము తెలుగుసీమయే, కాని దాని రాజధాని తమిళసీమలోనున్నది. పలుచోట్ల దుబాసీ కొడుకో, మనుమడో. వాని ఎదుట ఆమె నోరు విప్పి రొమ్ములో గడ్డ యున్నదని చెప్పలేదు. ఒడలు నలతగా ఉన్నదని మాత్రము చెప్పును. వైద్యుడు బలమునకు మందిచ్చి పంపును. నెలలు గడచును. తెలుగు సంఘములు, తెలుగు పాఠశాలలు ఇచట ఒక మేలు చేయవచ్చును. ఆసుపత్రికి తోడువెళ్ళుటకు రెండు భాషలు వచ్చిన స్త్రీలను ఏర్పరచవలెను. రొమ్ము, గడ్డ, చనుమొన అను మాటలను తల్లులు కూతుండ్రతో సిగ్గుపడక పలుకునట్లు అలవాటు చేయవలెను. ఆ మాటలు ఇంటిలో పలికినచో ఆసుపత్రిలోను పలుకగలరు.