తేదీలు మారినా రోజులు మారవు

స్వాతంత్ర్యం వచ్చిన నాటినుంచి గణతంత్రం ఏర్పడిన నాటికి ఎన్ని రోజులో చెప్పగలరా? వెంటనే పిడికిలి బిగించి, కణుపుల మీద ముప్ఫయ్యొకటీ, ముప్ఫై అని మొదలెడతాం. మధ్యలో ఫిబ్రవరి ఒకటి! అందులోనూ 1948 లీపు సంవత్సరమాయె! కంప్యూటరుకి ఈ అవస్థ లేదు. ఎక్కడో ఒక మొదటి రోజు పెట్టుకుని, రెండు తేదీలూ అక్కడికి ఎన్నో రోజులో చూసి, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తుంది.

ఈ ఉపాయం మాత్రం కంప్యూటరు కనిపెట్టింది కాదు. 1582లో పోప్ గ్రెగరీ కేలండరుని సరిచేస్తూ పది తేదీలు ఎగరగొట్టారు. రోములో అక్టోబరు 4 గురువారం పడుకున్నవాళ్లు లేచేసరికి 15, శుక్రవారం! ఇంగ్లండు 1752 దాకా ఒప్పుకోలేదు. ఈలోగా పారిస్‌లో రాసిన ఉత్తరం, రాసిన తేదీకంటే ముందే లండన్ చేరినట్టుండేది!

1583లో జోసెఫ్ స్కాలిజర్ అనే పండితుడు అన్ని దేశాల చరిత్రనీ ఒకే దారాన గుచ్చాలని, క్రీ.పూ. 4713 నుంచి మొదలయ్యే 7980 ఏళ్ల చక్రం ఒకటి ప్రతిపాదించాడు. ఆ ఆరంభం నుంచి రోజులు లెక్కపెట్టడం ఎలాగో 1849లో జాన్ హెర్షెల్ తన ఖగోళ గ్రంథంలో వివరించాడు. అదే జూలియన్ దినసంఖ్య. దాని ప్రకారం 1947 ఆగస్టు 15 సంఖ్య 24,32,413. 1950 జనవరి 26 సంఖ్య 24,33,308. తేడా 895 రోజులు. ఏడుతో భాగించి చూడండి. శేషం సున్నా అయితే సోమవారం, ఒకటైతే మంగళవారం. మొదటిదానికి నాలుగు మిగులుతుంది, అంటే శుక్రవారం!

మన సిద్ధాంతులకి ఇది ఏనాటినుంచో తెలిసిన విద్యే. కలియుగాది, అంటే క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి గడిచిన రోజుల మొత్తాన్ని అహర్గణం అన్నారు. తిథి కొట్టుకుపోయినా, అధికమాసం వచ్చిపడినా ఈ లెక్క చెదరదు. గ్రహాలు ఎక్కడున్నాయో గుణించాలంటే ముందు అహర్గణం కట్టాల్సిందే.

అయితే తేదీని సంఖ్యగా మార్చే సూత్రం తప్పితే యంత్రమూ తప్పుతుంది. నాలుగువందలతో భాగం పోదు కనక 1900 లీపు సంవత్సరం కాదు. లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము అవునంది. పాత లెక్కలతో పొత్తు కుదరాలని ఎక్సెల్ కూడా ఆ తప్పునే తెలిసి తెలిసీ ఉంచుకుంది. లేని ఫిబ్రవరి 29 దాంట్లో ఇప్పటికీ ఉంది! ఒక్క రోజేగా అనకండి. అప్పుకి వడ్డీ కట్టేటప్పుడు ఆ ఒక్క రోజు విలువా తెలుస్తుంది.