నానో రంధ్రాలలో రంజక అణువుల గుచ్ఛాలు: శోషణ శిఖరాలను చదివే పద్ధతి

పలచని నీటి ద్రావణంలో 664 నానోమీటర్ల వద్ద కాంతిని గరిష్ఠంగా శోషించే మెథిలీన్ బ్లూ అనే రంజకం, ద్రావణం చిక్కబడే కొద్దీ 610 నానోమీటర్ల సమీపంలో మరో శిఖరాన్ని చూపడానికి కారణం అణువులు రెండేసి చొప్పున జతకట్టడమే. నానోమీటరు, అంటే మీటరులో నూరు కోట్లవ వంతు, కొలతలో రంధ్రాలున్న జియోలైట్, సిలికా వంటి ఘనపదార్థాలలో ఈ జతకట్టడం మరింత క్లిష్టమవుతుంది. అక్కడ అణువుల పరస్పరాకర్షణకు తోడు గోడల మధ్య ఉన్న చోటు, ఆ గోడల రసాయన స్వభావం కూడా వాటి అమరికను నిర్ణయిస్తాయి.

కాంతి సోకినప్పుడు అణువులోని ఎలక్ట్రాన్ ఆవేశం ఒక నిర్దిష్ట దిశలో ఊగుతుంది. దీనినే సంక్రమణ ద్విధ్రువం అంటారు. ఇరుగుపొరుగు అణువుల ద్విధ్రువాలు ఒకదానినొకటి ప్రభావితం చేసుకోవడంతో ఉత్తేజిత శక్తిస్థాయి రెండుగా చీలుతుంది. అణువులు పేకముక్కల్లా ఒకదానిపై ఒకటి చేరితే పై స్థాయికే కాంతి శోషణ సాధ్యమై, శిఖరం నీలం వైపు జరిగి, ప్రతిదీప్తి సాధారణంగా కుంగుతుంది; ఇవి హెచ్-గుచ్ఛాలు. ఒకదాని చివర మరొకటి వచ్చేలా వరుస కడితే కింది స్థాయి శోషించగా, శిఖరం సన్నబడి ఎరుపు వైపు జరుగుతుంది; 1930లలో జెల్లీ, షైబె విడివిడిగా గుర్తించిన ఈ రకాన్ని జె-గుచ్ఛాలంటారు. 1960లలో మైకేల్ కాషా విశదీకరించిన సిద్ధాంతం ప్రకారం, సమాంతర ద్విధ్రువాలకూ వాటి కేంద్రాలను కలిపే రేఖకూ మధ్య కోణం 54.7 డిగ్రీలకు మించితే మొదటి రకం, తగ్గితే రెండో రకం ఏర్పడతాయి.

రంధ్రపు వెడల్పు ఈ కోణాన్ని ఎంత కట్టడి చేయగలదో జియోలైట్-ఎల్ స్పష్టంగా చూపుతుంది. దాని సొరంగాల ముఖద్వారం 0.71 నానోమీటర్లు, లోపలి గరిష్ఠ వెడల్పు 1.26 నానోమీటర్లు మాత్రమే కావడంతో, బెర్న్ విశ్వవిద్యాలయంలో జియాన్ కాల్జాఫెర్రి బృందం అందులో నింపిన పైరోనిన్, ఆక్సోనిన్ అణువులు ఒకదానిని ఒకటి దాటలేక, ముఖాముఖిగా జతకట్టలేక ఒంటరిగానే మిగిలి, చాలా దగ్గరగా ఉన్నా ప్రతిదీప్తిని నిలుపుకుంటాయి. 1992లో మోబిల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఎంసీఎం-41 రకపు సిలికాలో రంధ్రాలు 2 నుంచి 10 నానోమీటర్ల వరకు ఉండవచ్చు కాబట్టి ఈ కట్టడి సడలుతుంది. నింపిన రంజకం మోతాదు, మిగిలిన తేమ, గోడలపై ఉన్న హైడ్రాక్సిల్ సమూహాలు అక్కడ ప్రధానమవుతాయి.

శిఖరం జరిగిన ప్రతిచోటా గుచ్ఛం ఉందనుకోవడం మాత్రం తొందరపాటు. ఆమ్ల స్థానాలున్న జియోలైట్‌లో మెథిలీన్ బ్లూ ఒక ప్రోటాన్‌ను గ్రహించి 745 నానోమీటర్ల ప్రాంతంలో కొత్త శిఖరం చూపుతుంది. ఎరుపు వైపు జరిగినంత మాత్రాన దీనిని జె-గుచ్ఛంగా లెక్కగడితే పదార్థపు ఆమ్లత్వమే అణువుల అమరికగా నమోదవుతుంది. మోతాదు మార్చినప్పుడు శిఖరాల నిష్పత్తి మారుతుందా, అమోనియా వంటి క్షారం తగిలితే పాత శిఖరం తిరిగి వస్తుందా అన్న రెండు పరీక్షలు కష్టమైనవి కావు. ఇవి లేకుండా, ఒక్క శోషణ పటాన్ని చూపి గుచ్ఛాలను ప్రకటించే పరిశోధన పత్రాలను సమీక్షకులు అంగీకరించకూడదు.