పలక

సంస్కృతంలో ఫలకమంటే బల్లపరుపు చెక్క. తెలుగు నోట అది పలకైంది. నాలుగు పలకల స్తంభం అన్నప్పుడు పలకంటే పక్కభాగం. మార్కాపురం వైపు మాత్రం పలకంటే ముందు రాయే: నేలలోంచి తవ్వి, పొరలుగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగించిన నల్లరాయి. ఎన్ని తెలుగు ఊళ్ల పిల్లలు ఆ రాయి మీద ఓనమాలు దిద్దారో!

‘పలకా బలపం పట్టడం’ అంటే చదువు మొదలుపెట్టడమే. అక్షరాభ్యాసం నాడు బిడ్డచేత అక్షరం దిద్దించి, తోటి పిల్లలకూ పలకలు, బలపాలు పంచుతారు. మన ఆచారాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. బిడ్డ మొదటి అక్షరం నాడే పక్కవాడి చేతికీ పలక అందుతుంది.

ఇప్పుడు మార్కాపురం రాయి టైల్స్‌గా విదేశాలకు వెళుతోంది. అక్షరాభ్యాసాల్లో పంచేవి చాలావరకు ప్లాస్టిక్‌వి. వాటినీ పలకలనే అంటున్నాం.